నోరు తెరవని మొసలి

ఆ ఆదివారం పొద్దున్న లెక్కల మాస్టారి పథకం చాలా చిన్నది. కొత్త కంప్యూటర్లో పాత కంప్యూటర్ చేత కాపురం పెట్టించడం, ఆపైన నిశ్చింతగా పడుకోవడం.

అవసరం నిజానికి ఆయన భార్యది. ఇంట్లోనే ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుని ఆవిడ బట్టల మీద బొమ్మలు కుడుతుంది. ఆ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తప్ప పనిచేయదు. అదున్న పాత కంప్యూటరేమో మొన్న కన్నుమూసింది. అంతకు రెండ్రోజుల ముందే పిల్లల పళ్ళ డాక్టరమ్మ తన సిబ్బంది కోట్ల జేబుల మీద మొసలి బొమ్మ కుట్టి, ఈ సాయంత్రానికల్లా ఇమ్మంది. నచ్చితే ఆవిడ మిగతా ఆసుపత్రుల కోట్లూ ఇక్కడికే వస్తాయి. ఇంతవరకు ఇరుగుపొరుగు జాకెట్లే కుట్టిన మాస్టారి భార్యకి ఆ ఆశతో నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు.

మాస్టారు వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, కొత్త కంప్యూటర్ లోపలే పాత సిస్టమ్‌ని తెరిచారు. పాత కంప్యూటర్ పోకముందే ఆవిడ గీసి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న మొసలి బొమ్మ కూడా అందులో పెట్టారు.

"ఇంట్లో ఇల్లు కట్టానోయ్! లోపలింట్లో ఏం పాడైనా బయటింటికి ఏమీ కాదు. పైగా ఇదిగో, ఇప్పుడే దీన్ని ఫోటో తీసినట్టు దాచిపెట్టాను. ఏ గడబిడ జరిగినా ఒక్క నొక్కు నొక్కితే, మళ్ళీ ఈ క్షణంలో ఉన్నట్టే వచ్చేస్తుంది."

"మొగుళ్ళక్కూడా అలాంటి నొక్కుడు ఉంటే బాగుండును," అంటూ ఆవిడ కూర్చుని మొసలిని తెరిచింది. మొదట గీసినప్పుడు దాని నోరు మూసి ఉంది. డాక్టరమ్మకేమో నోరు బార్లా తెరవాలి, పళ్ళన్నీ కనపడాలి. మధ్యాహ్నందాకా ఆవిడ ఒక్కో పన్నూ ఓపిగ్గా గీసి, సేవ్ చేసి వంటింట్లోకి వెళ్ళింది. మాస్టారు అప్పటికే ముసుగుతన్ని పడుకున్నారు.

సరిగ్గా అప్పుడు దిగారు బావగారు, అంటే మాస్టారి భార్యకి అన్నయ్య. కొత్త కంప్యూటర్ దగ్గరుండి కొనిపించింది ఆయనే. తెర నిండా పాతకాలపు సిస్టమ్ కనపడేసరికి ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే దుకాణంవాడికి ఫోన్ చేశారు.

"కొత్తదని చెప్పి పాత సరుకు అంటగడతావా? నేనెవరనుకున్నావ్?"

వాడు బెంబేలెత్తి, "వైరసేమో సార్! అక్కర్లేనివన్నీ తీసేసి చూడండి," అన్నాడు.

తనకి అర్థంకానిదల్లా అక్కర్లేనిదేనని బావగారి సిద్ధాంతం. చొక్కా చేతులు మడిచి అన్నీ తీసేశారు. తెర నల్లబడింది.

"బావా, లేవయ్యా! నీ కంప్యూటర్ కొంప మునిగింది!"

మాస్టారు కళ్ళు నులుముకుంటూ వచ్చి చూసి, చల్లగా నవ్వారు. ఇలాంటి ఘడియ కోసమే ఆయన పొద్దుటినుంచి ఎదురుచూస్తున్నట్టుంది. ఒక్క నొక్కు నొక్కారు. పాత సిస్టమ్ కడిగిన ముత్యంలా తిరిగొచ్చింది.

"ఇదేం మాయయ్యా!"

"మాయ కాదు బావగారూ, ముందుచూపు!"

ఆ ఊపులో మాస్టారు ఆగలేకపోయారు. "నువ్వు కాసేపు నడుం వాల్చు, కుట్టే పని మేం చూస్తాం," అని భార్యని పంపేశారు. మొసలిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మిషనుకి తగిలించారు. బావగారు కోట్లు అందిస్తూ, దారం తెగకుండా చూడమని లోకంలోని సలహాలన్నీ ఇచ్చారు. ఇద్దరూ దారాన్నే చూశారు తప్ప మొసలిని చూడలేదు.

ఆవిడ లేచి వచ్చేసరికి అన్ని కోట్లూ అయిపోయాయి. ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఏమండీ, పళ్ళేవి?"

మాస్టారు ముందు తన నోరు తడుముకున్నారు. తర్వాత కోటు చూసి నీళ్ళు నమిలారు. "దాచిపెట్టింది పొద్దుటి మొసలిని కదా... నువ్వు పళ్ళు పెట్టింది ఆ తర్వాత. వెనక్కి వెళ్ళేసరికి అవి కాస్తా పోయినట్టున్నాయి."

"నేను ముందే అనుకున్నా," అన్నారు బావగారు.

ఆవిడ కోటు మడిచి పక్కన పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మొదటి పెద్ద పని అండీ," అంది, అంతే. తిట్టినా బాగుండునని మాస్టారికి ప్రాణం ఉసూరుమంది. ఊడదీసి మళ్ళీ కుడదామని కత్తెర అందుకునేలోగా తలుపు చప్పుడైంది.

డాక్టరమ్మ, ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నకూతురు. పాప పెదాలు రెండూ బిగించుకుని ఉంది. "అందరి పిల్లలూ నాకు నోరు తెరుస్తారు, ఇది తప్ప," అని నవ్వుతూ డాక్టరమ్మ ఒక కోటు మడత విప్పి చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఇదేంటండీ, నోరు మూసుకుని ఉంది?"

ఎవరూ బదులు చెప్పకముందే పాప ఆ కోటు లాక్కుంది. "అమ్మా, దీనికి కూడా భయమా?"

మాస్టారి భార్య కళ్ళు తుడుచుకుంది. "అవును తల్లీ. ఎంత బతిమాలినా తెరవడం లేదు."

పాప జాలిగా మొసలి మీదకి వంగింది. "ఏం కాదులే. ఇదిగో, ఇలా అనాలి. ఆఁ..."

డాక్టరమ్మ గబుక్కున మోకాళ్ళ మీద కూర్చుని కూతురి నోట్లోకి తొంగి చూసింది. "అమ్మయ్య! ఇన్నాళ్ళకి కనపడింది వెనక పన్ను!" లేచి మాస్టారి భార్య రెండు చేతులూ పట్టుకుంది. "అన్ని ఆసుపత్రులకీ ఈ మొసలే కుట్టండి. దయచేసి పళ్ళు మాత్రం పెట్టకండి."

మాస్టారి భార్య మొహం వెలిగిపోయింది. మాస్టారు కత్తెరని మెల్లిగా వీపు వెనక దాచేశారు.

"అసలిదంతా నా వల్లేనండీ!" అంటూ బావగారు మొదలుపెట్టారు. దుకాణంవాడి దగ్గర్నుంచి కథంతా చెబుతుంటే డాక్టరమ్మ ఆయన్నే పరీక్షగా చూసింది.

"మీ కింది పన్ను ఒకటి పుచ్చినట్టుందే. ఏదీ, ఒకసారి నోరు తెరవండి."

వచ్చిన దగ్గర్నుంచి మూతపడని బావగారి నోరు అప్పుడు మూతపడింది.