సోమనర్సయ్య అరుగుకు మెరుగు

నెల్లికుదురులో పెరట్లో చెక్క అరుగున్న ఇల్లు మా పక్కింటి సోమనర్సయ్యది ఒక్కటే. కిరాణా దుకాణం కొడుక్కి అప్పగించి తీరిక చిక్కాక, భూపాలపల్లి నుంచి టేకు పలకలు తెప్పించి, జామచెట్టు పక్కన పదిమంది కూర్చునేంత అరుగు చేయించాడు. దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపించేవాడు. పనుందన్నవాళ్లకు చాయ్ పోసి చూపించేవాడు.

దాని మీద ఏం పూయాలన్న దగ్గర ఇల్లు రెండు పార్టీలైంది. ఆయన భార్య అండాలు మాత్రం అవిసెనూనె చాలంది. వానకు జారదు, ఎండకు పొరలు లేవవు, చెక్క చెక్కలాగే ఉంటుందని ఆమె వాదన. సోమనర్సయ్యకేమో అద్దంలా మెరిసే వార్నిష్ కావాలి.

అసలు కారణం మానుకోటలో ఉంది. అక్కడ ఆయన సడ్డకుడు, అంటే అండాలు చెల్లెలి మొగుడు ఐలేశ్, ఇంటిముందంతా గ్రానైట్ వేయించాడు. అప్పటినుంచి ఫోనెత్తితే గ్రానైట్ ముచ్చటే. ఆ ఐలేశ్ ఆదివారం వస్తున్నాడు.

"ఐలేశ్ వంగి చూస్తే ఆయన మొకం ఆయనకు కనవడాలె" అన్నాడు సోమనర్సయ్య.

"ఎందుకు? ఆయన మొకం ఆయనకు ఎరుకనే గద" అంది అండాలు.

మాటల్లో గెలవలేనని తేలాక ఆయన ఒప్పుకున్నట్టు నటించాడు. శుక్రవారం ఆమె తల్లిని చూడటానికి కొడకండ్ల పోయింది. బస్సు కదిలిందో లేదో, దాచిన వార్నిష్ డబ్బా బయటికొచ్చింది. చెక్క కాస్త నల్లబడినట్టు కనిపిస్తే మంచు పడిందనుకుని గుడ్డతో తుడిచి, మూలమూలకూ రెండు పూతలు పూశాడు. సాయంత్రానికి అరుగు పెండ్లికొడుకులా తయారైంది. నన్ను గోడ మీదుగా పిలిచి, ఆరాక ఇంకా మెరుస్తుందని చెప్పాడు.

అది ఆరలేదు.

శనివారం వేలు పెడితే బంకలా సాగింది. టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. దుమ్మంతా లేచి వెళ్లి అరుగు మీదే కూర్చుంది. జామాకులు రాలి అతుక్కున్నాయి. వాటిని ఏరబోయి ఒక చెప్పు అక్కడే వదిలేసి వచ్చాడు. మా కోడి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి తన ముద్రలు వేసింది. నన్ను తిట్టలేక దాన్ని తిట్టాడు.

ఆదివారం కొడకండ్ల నుంచి అండాలు, తల్లిని చూడటానికి అక్కడికే వచ్చిన చెల్లెలు, ఐలేశ్ ముగ్గురూ ఒకే బస్సు దిగారు. సోమనర్సయ్య ఆపేలోపే ఐలేశ్ కొత్త తెల్లపంచెతో అరుగు మీద కూర్చున్నాడు. చాయ్ తాగి లేవబోయాడు. ఆయన లేచాడు గానీ పంచె లేవలేదు.

"అన్నా, పంచె ఇడువు" అన్నాడు ఐలేశ్ వెనక్కి చూడకుండా.

సోమనర్సయ్య ఆయనకు దూరంగానే నిలబడి, తప్పంతా డబ్బా అమ్మినవాడి మీదికి తోశాడు. నకిలీ మాల్ అంటగట్టాడన్నాడు.

"మాల్ మంచిదే" అంది అండాలు నెమ్మదిగా. "పచ్చి నూనె మీద పూస్తే వార్నిష్ ఎట్ల ఆరుతది? నువ్వు ఆగవని నాకెరుక. గందుకే శుక్రవారం నువ్వు లేవకముందే నూనె పెట్టి బస్సెక్కిన."

తిన్నాక సోమనర్సయ్య టర్పెంటైన్, గీకే రేకు తీసుకుని అరుగు ముందు చతికిలబడ్డాడు. సోమనర్సయ్య లుంగీయే కట్టుకున్న ఐలేశ్, పంచె పాడైన కసితో తనూ ఒక రేకు పట్టాడు. గీకినకొద్దీ కింద టేకు గీతలు తేనెరంగులో తేలాయి. ఐలేశ్ ఆగి అరచేత్తో నిమిరాడు.

"మా గ్రానైట్ మీద ఎండకు కాలు పెట్టలేం, వానకు నిలవడలేం వదినా. గిదే మంచిగుంది" అని ఒప్పుకున్నాడు. ఆ మాటకు సోమనర్సయ్య ఛాతీ అంగీ గుండీలు తెగేంత పొంగింది.

తర్వాత అండాలు మళ్లీ ఒక పూత నూనె పెట్టింది. అది బాగా ఆరాక వాడకట్టంతా వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాం. ఇంత అందం ఎవరి చలవని ఎవరో అడిగారు.

"మేమిద్దరం కలిసే చేసినం" అన్నాడు సోమనర్సయ్య, భార్యను గర్వంగా చూపిస్తూ.

"అవును" అంది అండాలు, అందరికీ ఉడకబెట్టిన శనగ గుడాలు పంచుతూ. "నేను పూసిన. ఆయన గీకిండు."