చిన్నల్లుడికి పిడుగులంటే భయం

శనివారం ఉదయం ఆరింటికి బయల్దేరాలి, ఎనిమిదింటికి మైదానం చేరాలి, తొమ్మిదింటికల్లా గుడారం లేచి నిలబడాలి, ఆదివారం మధ్యాహ్నానికి ఎవరిళ్లకు వాళ్లు చేరిపోవాలి. ఈ విహారయాత్ర పథకమంతా పెద్దల్లుడిది. ఇళ్ల స్థలాలు అమ్మే మనిషి, రాళ్లగుట్టను చూపించి పూలతోట అనిపించగలడు. మామగారు ఆయన్ని "అల్లుడుగారూ, మీరు" అంటారు. చిన్నల్లుణ్ణి మాత్రం "ఏం బాబూ, నువ్వు" అంటారు.

ఆ చిన్నల్లుడు లిఫ్టు మెకానిక్. పదహారేళ్లుగా కరెంటుతోనే సహవాసం. ఎక్కడ ముట్టుకోవాలో, ఎక్కడ ముట్టుకోకూడదో తెలుసు కనకే పది వేళ్లూ ఇంకా చేతులకు ఉన్నాయి. ఆ పొద్దున ఫోనులో వాతావరణం చూసి, సంచులు సర్దుతున్న భార్య దగ్గరికి వచ్చాడు.

"మధ్యాహ్నం ఉరుములు, పిడుగులు అంటున్నారు. వచ్చే వారానికి మార్చమని మీ బావగారికి చెప్పు."

"మీరే చెప్పండి. నేను చెప్తే మీరే చెప్పించారంటారు."

అతనే ఫోన్ చేశాడు. అవతల పెద్దల్లుడు మాట పూర్తిగా విననే లేదు. "మామయ్యగారూ, మీ చిన్నల్లుడికి పిడుగులంటే భయమట" అని పక్కకు తిరిగి చెప్పడం, ఆ వెనక మామగారు, అత్తగారు, వదిన, ఆమె ఇద్దరు పిల్లలు వరసపెట్టి నవ్వడం స్పష్టంగా వినిపించాయి. చిన్నల్లుడికి ఒళ్లు మండింది. భయానికీ తెలివిడికీ తేడా తెలియని ఇంట్లో పిల్లనెందుకు చేసుకున్నానా అనుకుంటూ కంపెనీ వ్యాను తాళాలు తీసుకున్నాడు. సెలవు రోజుల్లో ఇంటి పనికి వాడుకోవచ్చని మేనేజరే ఇచ్చిన వ్యాను అది. చలిగా ఉందని కంపెనీ కోటు వేసుకున్నాడు. దాని వీపు మీద పెద్దక్షరాలతో "భద్రతా విభాగం" అని ఉంటుంది. కంపెనీలో మెకానిక్కులందరి కోట్ల మీదా అదే ఉంటుంది.

పెద్దల్లుడి జీపు ముందు, వ్యాను వెనక. జీపుకు పైన గుడ్డ కప్పు. వ్యాను నిలువెల్లా ఇనుము. మైదానం చేరేసరికి అప్పటికే ముప్పై మంది దాకా గుడారాలు వేసుకుని ఉన్నారు. పెద్దల్లుడు ఒకసారి నలువైపులా చూసి, మైదానం మధ్యలో ఉన్న మిట్ట ఎక్కి, దాని మీద ఒంటరిగా నిలబడిన పొడవాటి చెట్టు కింద మేకు దిగ్గొట్టాడు.

"అన్నగారూ, ఇంత మైదానంలో పిడుగుకు ఎత్తుగా కనబడేది ఈ చెట్టొక్కటే. కింద పొదల పక్కన వేద్దాం" అన్నాడు చిన్నల్లుడు.

"ఇక్కణ్ణుంచి వ్యూ చూడు తమ్ముడూ. ఇలాంటి స్థలానికి జనం క్యూ కడతారు."

"జనం కాదు, పిడుగు వస్తుంది."

"ఏం బాబూ, పొద్దున్నుంచి అదే పాటేనా" అన్నారు మామగారు. గుడారం మిట్ట మీదే లేచింది. గుడారం ఇనప కడ్డీలు బిగించే పని మాత్రం మెకానిక్కు కదా అని చిన్నల్లుడికే అప్పగించారు.

రెండున్నరకు దూరంగా ఒక మెరుపు మెరిసింది. చిన్నల్లుడు చేతిలో కంచం పక్కన పెట్టి అంకెలు లెక్కపెట్టాడు. ఇరవై దగ్గర ఉరుము వినిపించింది.

"ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది. ముప్పై లెక్కపెట్టే లోపు ఉరిమిందంటే ఇక బయట ఉండకూడదు. అందరూ లేవండి, వ్యానులోకి పదండి" అన్నాడు.

"గుడారంలో కూర్చుంటే పోయె" అంది వదిన.

"గుడారం వానను ఆపుతుంది వదినా, పిడుగును ఆపదు."

"అయితే మేం జీపులో కూర్చుంటాం. దానికి రబ్బరు టైర్లున్నాయి" అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడి అరికాలి మంట నెత్తికెక్కింది. "మైళ్ల కొద్దీ గాలిని చీల్చుకుని వచ్చేదాన్ని జానెడు రబ్బరు ఆపుతుందా? కాపాడేది టైరు కాదు, చుట్టూ ఉన్న ఇనుము. మీ జీపుకు పైన గుడ్డ ఉంది. ఇనుములోకి వెళ్తేనే బతుకుతాం" అని వ్యాను వైపు మిట్ట దిగుతూ గొంతు చించుకున్నాడు.

గాలి లేచింది. ఆ గాలిలో మిట్ట మీద ఉన్న మామగారికి చివరి ముక్క సగమే చేరింది. ఇనుముంటేనే బతుకుతామని. ఆయన అటూ ఇటూ చూసి, చేతికి అందిన పెద్ద గిన్నెలో అడుగున మిగిలింది పారబోసి, దాన్ని నెత్తిన బోర్లించుకుని గంభీరంగా దిగి వచ్చారు. వెనకే అత్తగారు మూత పట్టుకుని వచ్చారు.

"అది కాదు మామయ్యగారూ, తీసేయండి" అని చిన్నల్లుడు అంటుండగానే కింది గుడారాల వాళ్లు ఈ ఊరేగింపు చూశారు. ముందు గిన్నె పెట్టుకున్న పెద్దాయన, పక్కన భద్రతా విభాగం కోటు వేసుకుని చేతులూపుతూ అరుస్తున్న మనిషి. ఇదేదో ప్రభుత్వం వారి ఏర్పాటు అనుకున్నారు. అయిదు నిమిషాల్లో ముప్పై ఒక్క మంది గిన్నెలు, బేసిన్లు, ఒక ఇడ్లీ కుక్కరు మూతతో సహా వ్యాను చుట్టూ చేరారు.

"సార్, మాకు చోటుందా?"

వ్యానులో ఎనిమిది మందికి చోటు. లిఫ్టులో పరిమితికి మించి ఒక్కణ్ణి ఎక్కించడానికి కూడా ఒప్పుకోని మనిషికి అది చూసి తల తిరిగింది. మైదానం చివర సమావేశాల హాలు కనిపించింది. నాలుగు గోడలు, కాంక్రీటు శ్లాబు, కరెంటు, కుళాయిలు అన్నీ ఉన్న పక్కా భవనం. తలుపుకు మాత్రం తాళం, తాళం ముందు వాచ్‌మన్.

"ఆఫీసరు గారు చెప్తే తప్ప తీయకూడదండి" అన్నాడు వాచ్‌మన్.

"ఇంతకన్నా ఆఫీసరు ఎవరయ్యా, వీపు చదువు" అన్నాడు పెద్దల్లుడు. వాన చినుకులు పడేసరికి ఆయనకు కూడా హాలు మీద మనసు పుట్టింది. వాచ్‌మన్ వీపు చదివి, నిటారుగా నిలబడి సలాం కొట్టి, తాళంచెవి చిన్నల్లుడి చేతిలో పెట్టేశాడు. నేను ఆఫీసర్ని కాదు బాబూ అని చిన్నల్లుడు అన్న మాట ఉరుములో కలిసిపోయింది.

లోపలికి వెళ్లాక అతనే అందర్నీ మధ్యలో కూర్చోబెట్టాడు. గోడలకు ఆనుకోవద్దన్నాడు, కుళాయి తిప్పొద్దన్నాడు, కిటికీల దగ్గర నిలబడొద్దన్నాడు, గిన్నెలు దింపమన్నాడు. చివరి ఉరుము వినిపించాక ముప్పై నిమిషాలు ఆగి గానీ బయటికి వెళ్లకూడదన్నాడు. గిన్నెలు దింపడానికి తప్ప దేనికీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

చిక్కు ముప్పై నిమిషాల దగ్గర వచ్చింది. పద్దెనిమిది నిమిషాలయ్యాక ఒక ఉరుము. మళ్లీ మొదటి నుంచి. ఇరవై రెండు అయ్యాక ఇంకొకటి. మళ్లీ మొదటి నుంచి. నాలుగోసారికి జనం ఉరుమును కాక అతన్ని తిట్టడం మొదలుపెట్టారు. అయిదోసారి తర్వాత వాన వెలిసింది. కాసేపటికి ఎండ కూడా వచ్చింది. మిట్ట మీద గుడారం తళతళ మెరుస్తూ పిలుస్తోంది.

"తలుపు తీయి తమ్ముడూ. ఎండ కాస్తోంది."

"ఇంకా పద్నాలుగు నిమిషాలు అన్నగారూ. వాన ఆగినంత మాత్రాన మబ్బు పోయినట్టు కాదు."

"నా గుడారం, నా పరుపులు. తడిసిపోతే నువ్వు ఆరబెడతావా?"

చిన్నల్లుడు తలుపుకు లోపలి నుంచి తాళం వేసి, చెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు.

హాలు భగ్గుమంది. ఎవరో బల్ల మీద ఉన్న సందర్శకుల పుస్తకంలోంచి కాగితం చింపారు. పెద్దల్లుడు చెప్తుంటే వాచ్‌మన్ రాశాడు. "పై వ్యక్తి ఆఫీసరునని చెప్పుకొని, ఎండ కాస్తుండగా ముప్పై తొమ్మిది మందిని బలవంతంగా బంధించి, కుళాయి నీళ్లు సైతం తాగనివ్వక హింసించుచున్నాడు." అది చదువుతుంటే చిన్నల్లుడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆఫీసరన్నది ఎవరు? నీళ్ల సీసాలు తన వ్యానులోంచి మోసుకొచ్చి పంచింది ఎవరు? అంతకన్నా కడుపు రగిలింది మొదటి సంతకం చూసి. వంపులు తిరిగిన అందమైన దస్తూరి. మామగారిది.

భార్య మాత్రం కలం పుచ్చుకోలేదు. "ఇంకెన్ని నిమిషాలు?" అని నెమ్మదిగా అడిగింది.

"నాలుగు."

"అయితే ఆగుదాం" అంది. సంతకాలు ముప్పై ఏడు దగ్గర ఆగిపోయాయి. పెద్దల్లుడు ఆ కాగితాన్ని ఫోటో తీసి, వ్యాను పక్కన రాసి ఉన్న కంపెనీ నంబరుకు పంపించి, తృప్తిగా ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు హాలంతా తెల్లబడింది. వెలుగు, చప్పుడు కలిసే వచ్చాయి. కిటికీలు అదిరాయి, ఇడ్లీ కుక్కరు మూత గచ్చు మీద చాలాసేపు గిరగిర తిరిగింది. అది ఆగాక అందరూ మిట్ట వైపు చూశారు. చెట్టు కొస నుంచి మొదలు దాకా తెల్లగా చీలి ఉంది. గుడారం ఉన్న చోట వంగిపోయిన కడ్డీలు, పొగ.

పెద్దల్లుడు రెండు చేతుల్తో తన ఇద్దరు పిల్లల తలలూ తడిమి చూసుకున్నాడు. తను అడిగినప్పుడే తలుపు తీసి ఉంటే వాళ్లు తనకన్నా ముందే మిట్ట ఎక్కేసేవాళ్లు. చిన్నల్లుడికి గెలిచినట్టేమీ అనిపించలేదు.

కాసేపటికి వెనక నుంచి ఎవరో అడిగారు. "ఇప్పుడెంతసేపు సార్?"

"ముప్పై. మొదటి నుంచి."

"అలాగే సార్."

మామగారు లేచి వెళ్లి బల్ల మీది కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపారు. తిరుగు ప్రయాణంలో జీపు ఎక్కకుండా వ్యానులో ముందు సీట్లో కూర్చున్నారు.

కాగితం చింపితే చిరిగింది, ఫోటో చిరగదు కదా. సోమవారం చిన్నల్లుడి చేతికి సంజాయిషీ నోటీసు వచ్చింది. అధికారి వేషం వేసినందుకూ, జనాన్ని నిర్బంధించినందుకూ ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో మూడు రోజుల్లో చెప్పాలి. సాయంత్రం ఆ నోటీసును మామగారి ముందు పెట్టి, పొద్దున్నుంచి మింగుతున్న కోపమంతా ఒక్క వాక్యంలో కక్కేశాడు.

"మొదటి సంతకం మీదే మామయ్యగారూ."

మామగారు నోటీసు రెండుసార్లు చదివారు. "నాదే. రేపు పొద్దున మీ మేనేజరు దగ్గరికి వెళ్దాం" అన్నారు.

మర్నాడు ఇద్దరూ ఆరో అంతస్తులో ఉన్న కంపెనీ ఆఫీసుకు లిఫ్టులో వెళ్లారు. మామగారు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టారు.

"అయ్యా, ఆఫీసరన్నది మా పెద్దల్లుడు. గిన్నె పెట్టుకున్నది నేను. బుద్ధి తక్కువై సంతకం పెట్టిందీ నేనే. మా చిన్నల్లుడుగారు ఆ తలుపు తీసి ఉంటే ఇవాళ నా మనవలు ఉండేవాళ్లు కాదు. వారి చేతిలో పని అంటే మేం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు."

మేనేజరు నోటీసు వెనక్కి తీసుకున్నాడు. కాఫీ కూడా తెప్పించాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో మామగారి నోట "చిన్నల్లుడుగారు" అన్న మాట వినడం అదే మొదటిసారి.

బయటికొచ్చి లిఫ్టు కోసం నిలబడ్డారు.

"లిఫ్టు బాగుంది. చప్పుడే లేదు. దీన్ని చూసుకునేది ఎవరు?" అన్నారు మామగారు.

"నేనే మామయ్యగారూ."

"అలాగా" అన్నారాయన. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. మోకాళ్లకు కాస్త కదలిక ఉండాలన్నాడు డాక్టరు అంటూ, ఆరు అంతస్తులూ మెట్ల మీదుగానే దిగారు.