బస్ అంటే మోటారే

మీరే న్యాయం చెప్పండి. మన పందికొక్కును ఇంగ్లీషువాడు ఎత్తుకుపోయి "బ్యాండికూట్" చేసుకున్నాడు. పందీ పోయింది, కొక్కూ పోయింది. వాడిని చూసి ఒక్కడూ నవ్వలేదు సరికదా, నిఘంటువులో అచ్చు వేసి మరీ పెట్టుకున్నారు. నేను స్టూలును "ఇస్టూలు" అంటే మాత్రం ఆఫీసు ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వకు సిద్దిరాములూ, నా గోడు వింటున్న నువ్వు కూడా ఇస్టూలు మీదే కూర్చున్నావు.

నేను చదివింది ఉర్దూలో. మా ఉస్తాదు ఇస్కూల్ అన్నాడు, మేమూ ఇస్కూల్ అన్నాం. నల్లగొండలో గుమాస్తాగా చేరిన కొత్తలో కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచేవి. తర్వాత మెల్లగా ఇంగ్లీషు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ ఇంగ్లీషు వెంట ఒక సూపరింటెండెంటు కూడా వచ్చాడు.

పేరు సుందరరామయ్య, తెనాలి వైపు మనిషి. మేం పెట్టుకున్న పేరు స్పెల్లింగు స్వామి. దవడలో ఎప్పుడూ కిళ్లీ, చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్సిలు. ఒకసారి నేను రసీదు అనే ముక్కను ఇంగ్లీషులో అక్షరం పొల్లుపోకుండా "రిసీప్ట్" అని చదివాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమయ్యా వెంకటనర్సూ, అందులో 'పి' పలకకూడదయ్యా" అన్నాడు.

"మరి ఎందుకు రాసిండ్రు సార్?"

"రాస్తారు. పలకరు."

నాకు ఒళ్లు మండింది. హాజరుపట్టీలో సంతకం పెట్టి రోజంతా చాయ్ హోటల్లో కూర్చునే వాళ్లు మన ఆఫీసులోనే ఉంటారనుకున్నాను. ఇంగ్లీషు మాటల్లో కూడా ఉన్నారన్నమాట. వాళ్లను ఎవరూ ఏమీ అనరు, ఉన్న అక్షరానికి పని చెప్పిన నన్ను అంటారు.

సరే, అసలు సంగతికొస్తాను. ఒకరోజు నేను రాసిన ఇంగ్లీషు ఉత్తరం ఒకటి ఆయన ముందు పెట్టాను. కిళ్లీ నమలుతూ చదివాడు. తల అటూ ఇటూ ఊపాడు. నోరు తెరిస్తే కారిపోతుందన్నట్టు పెదాలు బిగించి, "మర్రిగూడ... మర్రిగూడ. వచ్చే నెల నుంచి నువ్వే" అన్నాడు.

మర్రిగూడలో మా శాఖకు చిన్న ఆఫీసు ఒకటి ఉంది. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. మా ఆవిడ సావిత్రమ్మ మేనత్త గోపమ్మ అక్కడికే కోడలుగా పోయింది. పళ్లు గారపట్టి, నడుం వంగి, యాభై నిండకముందే గోడ పట్టుకుని నడుస్తోంది. అలాంటి ఊరికి మా ఇద్దరు పిల్లలను తీసుకుని పోవాలి. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే నిజంగా ఏడుపు వచ్చింది.

మళ్లీ అడగవచ్చు కదా అంటారు. ఆయన ముందు నోరు తెరిచి ఇంకో మాట తప్పు పలికితే ఇంకా దూరపు ఊరు వెతుకుతాడేమోనని నా భయం నాది. అందుకే ఒక ఉపాయం పన్నాను. నా నాలుక పాడవుతున్నది ఇంట్లోనే. ఇల్లంతా ఇంగ్లీషు చేసి, ఆయనను ఒక ఆదివారం భోజనానికి పిలిస్తే, ఇంతటి ఇంగ్లీషు సంసారాన్ని చెదరగొట్టడానికి ఆయనకు మనసొప్పదు.

సావిత్రమ్మతో చెప్పాను. "ఇయ్యాల్టి సంది మనింట్ల ఇంగ్లీషు రాజ్యం."

"మొన్ననే గద పోయింది. మల్ల నువ్వు తోలుకొస్తున్నవా?"

"మర్రిగూడకు పోతవా, ఇంగ్లీషు నేర్తవా?"

"గా సార్‌ను నిమ్మలంగ అడిగితే అయిపాయె. గీ గడబిడంతా ఎందుకు?"

ఆడవాళ్లకు ఆఫీసు వ్యవహారాలు తెలియవని చెప్పి పాఠం మొదలుపెట్టాను. గిలాస కాదు, గ్లాస్. లాల్టేను కాదు, లాంటర్న్. అల్మార అనే మాట ఇంట్లో వినపడకూడదు, అది ఉర్దూ; బీరువా అనాలి. మర్నాడు ఆఫీసులో స్పెల్లింగు స్వామి నాకు ఉత్తరం చెబుతూ "టూ స్టీల్ అల్మైరాస్" అన్నాడు. అదేమిటని అడిగితే, అచ్చమైన ఆఫీసు ఇంగ్లీషు అన్నాడు. నేను ఇంట్లోంచి వెళ్లగొట్టిన మాట అక్కడ కోటు తొడుక్కుని కుర్చీలో కూర్చుంది. ఆ కోపం ఇప్పటికీ దిగలేదు.

ఇంటికొచ్చి ఆ సంగతి సావిత్రమ్మకు చెప్పలేదు. ఆమె అడిగింది ఇంకొకటి. "బస్ అంటే ఏంది మరి?"

"మోటారు."

"తినేటప్పుడు రోజు బస్ బస్ అంటవ్ గద, చాలు అని."

"అది ఉర్దూ. ఇంగ్లీషుల గట్ల ఉండదు. మనింట్ల బస్ అంటే మోటారే. ఎవరన్నా సరే, ఎప్పుడన్నా సరే."

"ఎవరన్నా సరేనా?"

"ఎవరన్నా సరే."

"మంచిది, యాద్‌ల వెట్టుకుంట" అంది. ఆ "మంచిది" విన్నప్పుడే నేను జాగ్రత్తపడవలసింది.

ఆదివారం స్పెల్లింగు స్వామి వచ్చాడు. భోంచేసి అటునుంచి అటే మధ్యాహ్నం బస్సులో హైదరాబాదు పోతానన్నాడు. సావిత్రమ్మ పప్పు, గుత్తివంకాయ, పచ్చిపులుసు చేసింది. అన్నం రెండోసారి వడ్డించబోతే ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. పాపం, మన వాళ్లతో కలిసిపోవాలని ఆ వారమే బంట్రోతు లింగయ్య దగ్గర మన మాట ఒకటి నేర్చుకున్నాడట. నవ్వుతూ, "బస్ అమ్మా, బస్" అన్నాడు.

"బస్‌కు ఇంక మస్తు యాల్ల ఉంది సార్. నిమ్మలంగ తినుండ్రి" అని సావిత్రమ్మ ఆయన వేళ్ల సందులోంచే అన్నం వడ్డించింది.

తాను సరిగ్గా పలకలేదనుకున్నాడు కాబోలు, ఈసారి సాగదీసి "బస్స్" అన్నాడు.

"యాడికి పోతది సార్? డ్రైవర్ జానయ్య మా పానగల్ ఊరాయనే. మీరు రాంది బండి కదలనియ్యడు." ఇంకో గరిటె పడింది.

నేను కళ్లతో సైగ చేశాను. ఆమె చూడలేదు. చూసీ చూడనట్టు ఊరుకుంది. ఇక లాభం లేదని, మూడు రోజులుగా వల్లెవేసిన ఇంగ్లీషు బయటికి తీశాను. 'చాలు' అనడానికి ఇంగ్లీషులో ఒక మాట ఉంది, దాన్ని నేను కాగితం మీద చూశానే కానీ చెవితో వినలేదు. ఉన్న అక్షరాలన్నిటికీ న్యాయం చేస్తూ "ఎనౌగ్, ఎనౌగ్" అన్నాను.

స్వామికి పొలమారింది. సావిత్రమ్మ నా వైపు తిరిగి, "నెయ్యా? జర చెప్పొద్దా ముందుగాల" అని గిన్నెలో ఉన్న నెయ్యంతా ఆయన అన్నం మీద ఒంపింది.

పెట్టినది వదిలేస్తే ఇల్లాలి మనసు నొచ్చుకుంటుందని ఆయన పెద్దమనిషిగా అంతా తిన్నాడు. తిన్నాక లేవలేకపోయాడు. నేను ఒక రెక్క, గోడ ఒక రెక్క పట్టుకుంటే మంచం దాకా వచ్చాడు. బెల్టు వదులు చేసుకుని, అలవాటుగా ఒక కిళ్లీ దవడలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అంతలో హైదరాబాదు బస్సు హారను కొట్టుకుంటూ మా వీధి చివర నుంచే పోయింది. జానయ్య ఎవరికోసమూ ఆగలేదు.

నా ఉద్యోగం కూడా అదే బస్సులో పోయిందనుకున్నాను. సావిత్రమ్మ మాత్రం విసనకర్ర తీసుకుని వచ్చి, మంచానికి కొంచెం దూరంలో పీట వేసుకుని కూర్చుని, నేను ఇన్ని రోజులుగా అడగలేని మాట అడిగేసింది.

"సార్, మమ్మల్ని మర్రిగూడకు తోలకుండ్రి. గా నీళ్లు తాగి మా మేనత్త నడుము వంగిపోయింది. మావి చిన్న పిల్లలు. నల్లగొండల్నే ఉంచుండ్రి."

ఆయన కళ్లు తెరిచాడు. "మర్రిగూడ ఏమిటమ్మా? ఎవరన్నారు?"

"మీరే అన్నరు సార్. నా ఉత్తరం చూసి, మర్రిగూడ, వచ్చే నెల నుంచి నువ్వే అన్నరు" అన్నాను నేను.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తున్న కొద్దీ మొహం ఎర్రబడింది. "వెర్రివాడా, ఉత్తరం బాగుందన్నానయ్యా. వచ్చే నెల నుంచి ఉత్తరాలన్నీ నువ్వే రాయాలన్నాను. నేనన్న మాట..." అని పెదాలు బిగించి ఆ మాట మళ్లీ అన్నాడు.

ముగ్గురం విన్నాం. మర్రిగూడ.

"ఇంకొకసారి అనుండ్రి సార్" అంది సావిత్రమ్మ.

ఆయన లేచి వాకిట్లోకి పోయి, కిళ్లీ ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చి నిలబడ్డాడు. "వెరీ గుడ్" అన్నాడు చిన్నగా.

పిల్లలు నల్లగొండ నీళ్లే తాగుతారని తెలిసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. నా ఇస్టూలుకు ఏడాది నవ్విన మనిషి తన వెరీ గుడ్డుతో నన్ను ఇన్ని రోజులు చంపాడు. ఇదేమైనా న్యాయమా? నేను నవ్వుదామంటే నా పై అధికారి. సావిత్రమ్మకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనివితీరా నవ్వింది. చివరికి ఆయనా నవ్వాడు, పొట్ట సహకరించినంత మేరకు.

పోయేముందు ఆయన గడపలో ఆగి ఆమెతో అన్నాడు. "అమ్మా, రోజూ రైతులు వచ్చి కష్టం చెప్పుకుంటారు. సగం అర్థంకాక తల ఊపి పంపుతున్నాను. ఎవరికి ఏ అన్యాయం చేశానో తెలియదు. మీ మాట నాకు కాస్త నేర్పుతావా?"

"నేను నేర్పుత సార్" అన్నాను ముందుకు వచ్చి.

"నువ్వు వద్దులే వెంకటనర్సూ" అన్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం మా అరుగు మీద బడి నడుస్తోంది. వచ్చినవాడు నోరు కడుక్కుంటే కానీ పంతులమ్మ పాఠం మొదలుపెట్టదు. తప్పు పలికితే మళ్లీ పలికిస్తుంది, సూపరింటెండెంటు గారు చేతులు కట్టుకుని మళ్లీ పలుకుతారు. నిన్న ఆయన "పైలమమ్మా, పోయొస్త" అని ఒక్క తప్పు లేకుండా అన్నాడు. "శానా మంచిగ అన్నరు సార్" అని మెచ్చుకుంది సావిత్రమ్మ. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఒక్కనాడైనా అలా అన్న పాపాన పోలేదు.

నాకు ఉక్రోషం ఆగలేదు. జాగ్రత్త అనే ఆ 'పైలం' ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసని చెప్పబోయాను. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.

"చాయ్‌ల చక్కెర తక్కువైంది" అంది సావిత్రమ్మ.

వెళ్లి చక్కెర తెచ్చాను.