అద్దాలు తీసిన పికప్

"ప్రజలకూ నాకూ నడుమ అద్దం కూడా ఉండొద్దు!" అని చిట్యాల చౌరస్తాలో శ్రీపాల్ గారు ప్రకటించారు.

ఆ మాటకు చప్పట్లు కొట్టినవాళ్లు ఇళ్లకు పోయారు. స్పానర్ పట్టుకొని నేను పోవాల్సి వచ్చింది. భూపాలపల్లిలో బండ్ల అద్దాలు బిగించే దుకాణం నాది. శ్రీపాల్ గారికి కంకర క్రషర్ ఉంది, దానికి టిప్పర్లున్నాయి, వీటన్నిటి మీద జడ్పీటీసీ కావాలన్న కోరికా ఉంది. ఏసీ కారులో తిరిగితే పెద్దమనిషి అంటారు గానీ ఓటెవరేస్తారు? అందుకని తాతగారి కాలం నాటి పికప్‌ను షెడ్డులోంచి బయటికి లాగించారు.

దాని అద్దాలు దింపే హ్యాండిళ్లు ఎప్పుడో పాడైపోయాయి. డోరు లోపలి అట్ట ఊడదీసి, బోల్టులు వదులు చేసి, అద్దాన్ని పసిపిల్లను ఎత్తినట్టు పైకి ఎత్తాలి. పగిలిందా, ఆ మోడల్ అద్దం మళ్లీ దొరకదు! రెండింటినీ దుప్పట్లో చుట్టి, వెనకాల నేనూ ఎక్కి కూర్చున్నాను. ఊరు దాటగానే మళ్లీ బిగించాలట. ఊరి బయట ప్రజలుండరు కదా, అక్కడ గాలి దేనికి?

మొదటి ఊళ్లో బండి ఆగీ ఆగకముందే కమలమ్మ అనే ముసలావిడ కిటికీలోంచి తల లోపలికి పెట్టింది.

"పటేలా, జర ఇను. నీ టిప్పర్లు మా వాడకట్టు నడిమిట్ల కెల్లి పోతున్నయ్. దుబ్బకు మా మనుమరాలు అక్షర ఒకటే దగ్గుడు. దవాఖాన్ల సుట్టు తిరిగి పరేషానైతున్నం. ఊరి బయట కెల్లి పంపియ్యరాదు?"

"అవ్వా! నీ మనుమరాలు నా మనుమరాలు గాదా!" అన్నారు సారు. కార్యకర్త నితిన్ వీడియో తీశాడు.

అంతలో ఓ టిప్పర్ దూసుకుపోయింది. దుమ్మంతా పికప్‌లోకే వచ్చింది. నిన్ననే రంగేసిన సారు మీసం మళ్లీ నెరిసింది!

"ఎవడ్రా వాడు? ఊళ్లె గిట్లనా తోలేది? ఎవని బండి గది?"



"నీదే, పటేలా" అంది కమలమ్మ.

నాకొచ్చిన నవ్వును దగ్గుగా మార్చుకున్నాను. సారుకు మాత్రం నిజంగానే దగ్గొచ్చింది.

"అద్దాలు! జల్ది బిగియ్!"

అటువైపుది బిగించి ఇటు వచ్చాను. కమలమ్మ కిటికీ అంచు వదల్లేదు. జవాబు కోసం నిలబడింది.

సారు గొంతు సవరించుకున్నారు. "మీ తక్లీఫ్ ఇయ్యాల నాకు సమజైంది. గిప్పుడే ఫైసల్ చేస్తున్న. నేను ఈ ఊరికి వచ్చిన దినం ఒక్క టిప్పర్ గూడ తిరగది!"

కార్యకర్తలు జేజేలు పలికారు. నేను రెండో అద్దం ఎత్తాను.

"అవ్వా, చెయ్యి తియ్యి, నలుగుతది" అన్నాను.

ఆవిడ చెయ్యి తీసింది. అద్దం గాడిలో పడింది. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"అట్లయితే దినాం రా, పటేలా!" అని అరిచింది కమలమ్మ.

ఆశీర్వదిస్తోందనుకొని సారు లోపలి నుంచే రెండు చేతులూ జోడించారు.