ఒంటికాలి పడవలో రెండు పీటలు

కొత్తగా పెళ్లయిన ప్రతి జంటకీ ప్రభుత్వం కాలితో నడిపే పడవ మోటారు ఒకటి ఉచితంగా ఇవ్వాలి!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. పెళ్లికి మిక్సీలు, కుక్కర్లు, గోడ గడియారాలు ఇచ్చే బంధువులు అందరికీ ఉంటారు. వాటివల్ల ఒక్క సంసారమైనా బాగుపడిందని ఎక్కడైనా విన్నారా? మాకు మూడు గోడ గడియారాలు వచ్చాయి. మూడూ మూడు టైములు చూపిస్తాయి. మోటారు ఒక్కటే వచ్చింది. అది వచ్చినప్పట్నుంచి మేమిద్దరం ఒకే దిక్కు చూస్తున్నాం.

ఆ మోటారు గురించి తెలియని దురదృష్టవంతుల కోసం కొంచెం వివరిస్తాను.

చేపలు పట్టేవాళ్లు చిన్న పడవ ముందు కొసకి బిగించుకునే బ్యాటరీ మోటారు అది. చప్పుడు చేయదు, చేపలు బెదరవు. దాన్ని చేత్తో పట్టుకోవాల్సిన పని లేదు. వైరు చివర ఒక పెడల్ ఉంటుంది. ప్లగ్ పీకితే విడిగా చేతికొచ్చేస్తుంది. (ఈ సంగతి గుర్తుంచుకోండి.) పడవలో దాని మీద ఒక పాదం పెట్టి, మునివేళ్లతో నొక్కితే పడవ కుడికి, మడమతో నొక్కితే ఎడమకి తిరుగుతుంది. పక్కనున్న బటన్ నొక్కితే ముందుకు పోతుంది. రెండు చేతులూ గాలానికి, ఒక పాదం మోటారుకి. మిగిలిన ఆ ఒక్క పాదమే మనిషిని మొత్తంగా మోయాలి. మనిషి ఒంటిని ఇంత న్యాయంగా పంచిన యంత్రం ఇంకొకటి ఉందా?

మా ఆయన ఉదయ్‌కిరణ్‌ది గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆయన ఆఫీసులో ఒకాయన బెంగళూరు వెళ్లిపోతూ తన పడవనీ మోటారునీ మాకు పెళ్లికానుకగా ఇచ్చేశారు. ఆయన భార్య నాకు ఫోన్ చేసి మరీ కంగ్రాట్స్ చెప్పింది. ఆవిడ గొంతులో అంత ఆనందం ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

పడవ గురుగ్రామ్ అవతల, సోహ్నా దాటాక ఒక ఫార్మ్‌హౌస్ చెరువులో ఉంటుంది. మోటారూ పెడలూ మాత్రం ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాట్‌లో, దేవుడి అల్మరా పక్కన ఉంటాయి.

నా ఉద్యోగం నోయిడాలో. వారంలో ఆరు రోజులు మేం భార్యాభర్తలం కాదు, మెట్రోలోంచి ఒకరికొకరు పంపుకునే మెసేజీలం. ఇద్దరం పక్కపక్కన కూర్చోవడానికి మాకున్నది ఆదివారం ఒక్కటే. ఆరు నెలల కాపురంలో నేను కోరుకున్నదీ ఆ ఒక్కటే. ఆ ఆదివారాన్ని మోటారు ఎంత సార్థకం చేసిందో చూడండి!

ముందుగా, నాకొక స్థానం దొరికింది. పడవ ముందు కొసన ఆరడుగుల మనిషి నిలబడితే ముందుభాగం నీళ్లలోకి వంగి, వెనక భాగం పైకి లేస్తుంది. వెనక బరువుండాలి. బ్యాటరీ పెట్టి చూశారు, చాలలేదు. నీళ్ల క్యాన్ పెట్టారు, చాలలేదు. అప్పుడు నన్ను పెట్టారు. సరిగ్గా సరిపోయింది!

"పర్ఫెక్ట్ బ్యాలెన్స్, యార్!" అన్నారు ఉదయ్. "వాసూ, నువ్వక్కడే ఉండు. హిల్‌నా మత్, కదలొద్దు."

"మీ పక్కకి రానా?"

"అరే, పక్కకొస్తే పల్టీయే! సెంటర్‌లో కూర్చో. బ్యాటరీకి ఆనుకుని."

ఇంట్లో తమ స్థానమేమిటా అని ఏళ్ల తరబడి మథనపడే ఇల్లాళ్లు ఎందరో! నాకు నాలుగు నెలల్లోనే తేలిపోయింది. బ్యాటరీకి అరడుగు ఇవతల. పైగా నేను పెళ్లికి ముందు ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఇరుకు గది తీసుకుని కోచింగ్‌లో చదివినదాన్ని. ఆ గది తలుపు తెరవాలంటే మంచమెక్కాలి. కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండడం నాకు కొత్త కాదు.

పులిహోర డబ్బా సరిగ్గా పడవ మధ్యలో ఉంటుంది. ఆయన నాలుగు చెంచాలు తింటే నేనూ నాలుగు చెంచాలే. లేకపోతే బ్యాలెన్స్ పోతుందట! దాంపత్యంలో సమానత్వం మీద సెమినార్లు పెట్టేవాళ్లు ఒకసారి సోహ్నా వచ్చి చూడాలి.

ఇక ఆరోగ్యం. ఆ పెడల్ నాలుగు వేళ్ల ఎత్తు. ఒక కాలు దాని మీద, రెండోది కింద. నడుము ఒక పక్కకి లేస్తుంది, బరువంతా రెండో తుంటి మీద పడుతుంది. మొదటి ఆదివారం ఇంటికొచ్చాక ఆయన లిఫ్టులో ఒరిగి నిలబడితే, పై అంతస్తు ఆంటీ కూడా తల ఒక పక్కకి వంచి, "బేటా, సబ్ ఠీక్ హై?" అని అడిగింది. తర్వాతి వారం ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాం. నేహా అనే చిన్నపిల్ల.

"సర్, మీరు రోజంతా ఒంటికాలి మీద ఏం చేస్తారు?" అని హిందీలో అడిగింది.

"ఫిషింగ్."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను సీలింగ్ వైపు చూశాను.

రెండు పాదాలూ ఒకే ఎత్తులో ఉండాలంది. మోకాళ్లు బిగదీయకుండా కాస్త వంచాలంది. అరగంటకోసారి కాలు మార్చాలంది. నిలబడ్డంతసేపు నిలబడి, మధ్యలో కూర్చోవాలంది. లేదా ఈ చేపల సరదా మానుకోవాలంది. ఆ ఆఖరిది మా ఆయనకి వినబడలేదు.

పాదాలు ఒకే ఎత్తులో ఉండాలంటే రెండో పాదం కింద నాలుగు వేళ్ల ఎత్తు చెక్క ఒకటి పెడితే చాలు. ఇల్లంతా వెతికారు. చపాతీ పీట పెట్టి చూస్తే పాదం జారింది. నా కోచింగ్ పుస్తకాలు పెడితే మరీ ఎత్తయింది. చివరికి అల్మరా వెనక మా పెళ్లిపీటలు కనిపించాయి. అత్తయ్యగారు దగ్గరుండి చేయించిన టేకు పీటలు. అంచులకి ఇత్తడి పువ్వులు. వాటి మీద కూర్చునే మేం తలంబ్రాలు పోసుకున్నాం. ఆయన టేపు పెట్టి కొలిచారు. సరిగ్గా పెడల్ ఎత్తు!

"వాసూ, డెస్టినీ!" అన్నారు.

ఒక పీట ఆయన పాదం కింద. మరి రెండోది? దాన్ని బ్యాటరీ పక్కన వేసుకుని నేను కూర్చున్నాను. ఎంతమందికి దక్కుతుందీ భాగ్యం? పెళ్లయిన నాలుగు నెలలకే ఇద్దరం మళ్లీ పీటలెక్కాం! పెళ్లిలో పక్కపక్కన, పడవలో ముందూ వెనకా. మధ్యలో పులిహోర.

ఫలితం అద్భుతం. మొన్న చీర ఫాల్ కోసం కరోల్ బాగ్ వెళ్తుంటే మెట్రో బ్లూ లైన్‌లో రైలు ఒక్కసారిగా బ్రేకు వేసింది. బోగీ మొత్తం ముందుకి పడింది. మా ఆయన మాత్రం దేన్నీ పట్టుకోకుండా, మోకాళ్లు కాస్త వంచి, మడమతో నేలని ఎడమకి తిప్పుతూ నిలబడే ఉన్నారు. ఇప్పుడు పళ్లు తోముకునేది ఒంటికాలి మీదే. ఆఫీసు కాల్స్‌లో బల్ల కింద పెడల్ పెట్టుకుని ప్రాక్టీసు చేసేవారు. మేనేజర్ ప్లాన్ మార్చినప్పుడల్లా ఆయన పాదం చెరువులో మలుపు తీసుకునేది.

మౌనం సంగతి వేరే చెప్పాలి. అలికిడైతే చేపలు పారిపోతాయట! అందుకని పడవలో మాటలు నిషేధం. కొత్త దంపతుల మధ్య గొడవలు దేనితో మొదలవుతాయి? మాటలతోనే కదా!

"ఏవండీ," అన్నాను ఒకసారి.

"ష్ష్."

"ఒక్కసారి ఇటు చూడండి."

"తిరిగితే పెడల్ మీద కాలు జారుద్ది, వాసూ. బోలో, వింటున్నా."

ఏం చెప్పాలనుకున్నానో మర్చిపోయాను. "ఆకాశం బాగుంది," అన్నాను.

"ధీరే, మెల్లగా," అన్నారు.

ఆకాశం నిజంగానే బాగుంది. ఢిల్లీలో నీలంగా ఉన్న ఆకాశాన్ని చూపించడానికి పక్కన మనిషుండాలి. నా పక్కన బ్యాటరీ ఉంది. దానికే చూపించాను.

మాటల్లేకపోతే మనుషులు ఒకరికొకరు అర్థం కారనుకోకండి. మా ఆయన వీపు గురించి నాకు తెలిసినంత ఈ ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో ఎవరికీ తెలియదు. మెడ మీద జుట్టుకి ఎడమవైపు చిన్న సుడి ఉంది. గాలానికి చేప తగిలితే ముందుగా కుడి భుజం నవ్వుతుంది. ఆ భుజం నవ్వడం చూస్తే నాకెంత ముచ్చటేస్తుందో! చేప తప్పించుకుంటే చెవులు ఎర్రబడతాయి. రేపు ఈయన ఏ జాతరలోనైనా తప్పిపోతే పోలీసులకి వెనక నుంచి ఆనవాళ్లన్నీ చెప్పగలను. ముందు నుంచి అయితే ఫొటో చూసి చెప్పాలి.

చేప పడిందనుకోండి. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లల్లోకి చూసి, "బ్యూటిఫుల్!" అని మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఆ చెరువు రూలు అది. మాది భీమవరం. చేపల చెరువుల మధ్య పెరిగాను. మా వైపు శీలావతి చేపని ఎవరైనా బ్యూటిఫుల్ అన్నారంటే అది అప్పటికే పులుసులో ఉందని అర్థం. పట్టిన చేపని పొగిడి పంపించేవాణ్ని మావాళ్లు డాక్టరుకి చూపిస్తారు. అయినా ఆదివారం మొత్తంలో ఆయన కళ్లల్లోకి చూసేది ఆ ఒక్క ప్రాణినే. దాని అదృష్టం దానిది. చేపతో నాకు పోటీ ఏమిటి?

ఇలా సుఖంగా సాగుతుండగా, పోయిన నెల అత్తయ్యగారు మా ఫ్లాట్‌లో సత్యనారాయణ వ్రతం పెట్టించారు. ఆవిడ పేరు లక్ష్మీకుమారి. ఢిల్లీలోనే ఆర్.కె.పురంలో గవర్నమెంటు క్వార్టర్లో మావయ్యగారితో ఉంటారు. పీటలు తెమ్మంటే తెచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక పీటని దగ్గరగా చూశారు.

"అమ్మాయ్, ఈ ఇత్తడి పువ్వులో ఏదో మెరుస్తోందేమిటే?"

"పొలుసండి."

"ఏం పొలుసు?"

"శీలావతిదండి. బొచ్చెది కూడా అయ్యుండొచ్చండి."

ఆవిడ పీట కింద పెట్టి కొడుకు వైపు చూశారు.

"మమ్మీ, వో బ్యాలెన్స్ కే లియే..." అంటూ ఉదయ్ లేచి, ఒంటికాలి మీద నిలబడి, తుంటి నుంచి మడమదాకా మొత్తం శాస్త్రం వివరించారు. ఆవిడ ఓపిగ్గా విని, నా వైపు తిరిగారు.

"వాడి కాలు పీట మీదుంటుంది, బాగుంది. మరి నువ్వెక్కడుంటావు?"

"వెనకండి. బ్యాటరీ పక్కన."

"వాడి మొహం?"

"అటు పక్కుంటుందండి."

ఆవిడ పీటలు రెండూ పసుపు నీళ్లతో కడిగించి, అంచుకి అంచు ఆనించి వేసి, మమ్మల్ని కూర్చోబెట్టారు. పంతులుగారు కథ మొదలుపెట్టారు. మా ఆయనకి నడపడానికి ఏమీ లేదు, లేవడానికి వీల్లేదు. కాసేపు పాదం ఆడించారు. మూడో కథకి వచ్చేసరికి నా వైపు తిరిగారు.

"నీ చెవి కింద పుట్టుమచ్చ ఉందా?" అని గుసగుసగా అడిగారు.

"పుట్టినప్పట్నుంచీ ఉంది."

"అచ్ఛా!" అన్నారు. ఇంకాస్త వంగి చూసి, "బాగుంది," అన్నారు.

మిగిలిన కథ నాకు ఒక్క ముక్క వినబడలేదు. స్వామి క్షమించాలి.

తర్వాత వంటింట్లో ప్రసాదం గిన్నెలు సర్దుతూ అత్తయ్యగారు చెప్పారు.

"మా పెళ్లయిన కొత్తలో మీ మావయ్యగారు స్కూటరు కొన్నారు. ఆదివారం వస్తే చాలు, ఢిల్లీ అంతా తిప్పేవారు. నేను వెనక. గాలికి ఒక్క మాట వినబడితే ఒట్టు. కుతుబ్ మినార్ వెళ్లినా వీపే, ఇండియా గేట్ వెళ్లినా వీపే. ఇక చూశాను చూశాను, ఆదివారం పొద్దునయ్యేసరికి స్కూటరు తాళం కనబడేది కాదు."

"ఎక్కడ పోయేదండి?"

"బియ్యం డబ్బాలో." ఆవిడ మూత గట్టిగా నొక్కారు. "ఇద్దరం నడిచే వెళ్లేవాళ్లం. పక్కపక్కన. మీ మావయ్యగారికి ఇప్పటికీ తెలీదు, పాపం."

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా మోటారు పెడల్ కనిపించడం లేదు.

పెడల్ లేనిదే మోటారు కదలదు. మూడు ఆదివారాలుగా వెతుకుతున్నాం. ఇద్దరం పక్కపక్కన బోర్లా పడుకుని, ఫోన్ టార్చి వేసి మంచం కింద వెతికాం. నా చెవిదిద్దు దొరికింది. ఆయన స్కూలు ఫొటో ఒకటి దొరికింది. అందులో ఏడుపు మొహంతో ఉన్నదెవరో, ఎందుకు ఏడ్చారో, అక్కడే పడుకుని నాకు వివరంగా చెప్పారు. నా కళ్లల్లోకి చూస్తూ! అటక మీద వెతికాం. ఆయన స్టూలెక్కితే నేను కాళ్లు పట్టుకున్నాను. బ్యాలెన్స్ కోసం. బాల్కనీలో టీ తాగుతూ కూడా వెతికాం. అంటే, ఎక్కడుండి ఉంటుందా అని ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఆకాశం బాగుందని చెప్పాను. తలెత్తి చూశారు.

బియ్యం డ్రమ్ములో వెతకాలని మాత్రం నాకు తోచలేదు. ఎవరికైనా ఎలా తోస్తుంది?

ఇదంతా పత్రికలో రాస్తున్నావు, భయం లేదా అంటారేమో. మా ఆయన ఢిల్లీలో పుట్టి పెరిగారు. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. అత్తయ్యగారికి వచ్చు. ఆవిడ చెప్పరు.

కనుక మొదట్లో చేసిన విన్నపానికి ఒక చిన్న సవరణ. కొత్త జంటలకి మోటారుతో పాటు, గట్టి మూత ఉన్న పాతిక కిలోల డ్రమ్ము కూడా ప్రభుత్వమే ఇవ్వాలి.

ఒక్కటే అనుమానం పీడిస్తోంది. నిన్న నేను రావడం ఆలస్యమైతే అన్నం ఆయనే వండారు. ఈ పొద్దున బియ్యం తీయబోతే, డ్రమ్ములో పెడల్ ఉన్నచోటే ఉంది. కానీ దుమ్ము పట్టకుండా ఒక ప్లాస్టిక్ కవర్ శుభ్రంగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది.

నేను చుట్టలేదు.

మూత పెట్టేసి హాల్లోకి వచ్చాను. "పద వాసూ, మంచం కింద ఇంకోసారి సరిగ్గా చూద్దాం," అంటూ ఆయన అప్పటికే వెళ్లి బోర్లా పడుకున్నారు. పక్కన ఒక మనిషికి చోటు వదిలి.