కళను కాపాడిన సంఘం

ఒక పెద్ద అడవిలో, రాజులు పోయి రాళ్లు మిగిలిన పాత కోట పక్కన, ఆదివారం ఆదివారం సంత జరిగేది. తేనె, దుంపలు, ఇప్పపూలు అమ్ముడయ్యాక జంతువులన్నీ దుమ్ములోనే చతికిలబడి, ఎలుగుబంటి బైరన్న మేళం ఆడే వీధిభాగవతం చూసేవి.

బైరన్నది రాణి వేషం. ఒళ్లంతా బొచ్చు, నడుముకి వడ్డాణం. అతను సిగ్గుపడితే కుందేళ్లు కడుపు పట్టుకుని దొర్లేవి.

సంతకు పెద్ద అయిన నక్క కోటేశానికి ఇది కడుపుమంట. ఆట మొదలైతే తన ఉపన్యాసం వినే నాథుడు ఉండడు. ఒక సంతనాడు లేచి, "మన కళ అంతరించిపోతోంది! కాపాడాలి!" అన్నాడు.

"ఎక్కడయ్యా? పోయిన వారం కూర్చోడానికి చోటే లేదు," అంది మేక.

"అదే మరి! నీకు తెలియకుండానే అంతరిస్తోంది!"

వెంటనే కళాపరిరక్షణ సంఘం పుట్టింది. కోటేశం అధ్యక్షుడు. గాడిద, కొంగ నిపుణులు. అసలైన ఆట ఏదో తేలేదాకా ఎవరూ ఆడకూడదని తీర్మానించారు.

బైరన్న చేతులు జోడించాడు. "అయ్యా, మా తాత నాటి నుంచీ ఆడుతున్నాం. ఆడకపోతే నాకు అన్నం సయించదు."

"మీ తాత ఆడాడనడానికి సాక్షి ఎవరు?" అంది కొంగ.

"నేనేనండీ."

"నువ్వు పనికిరావు. నీకు ఆటంటే ఇష్టం."

బైరన్న ఇంటికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య పెట్టిన అన్నం ముట్టలేదు.

మరుసటి సంతలో సంఘం అరుగెక్కి చర్చకు దిగింది. రాణి ఏ కాలు ముందు పెట్టి రావాలి?

"ఎడమకాలు!" అని గాడిద పెట్టి చూపించబోయి కొంగ మీద పడింది.

"ఒంటికాలే సంప్రదాయం!" అని కొంగ కింద నుంచి అరిచింది.

విడదీయబోయిన కోటేశం తోక గాడిద డెక్క కింద నలిగింది. అతను కుయ్యోమన్నాడు.

"అధ్యక్షా, రాణి ఏడుపు అచ్చంగా ఇదే!" అని గాడిద మెచ్చుకుంది.

సంతంతా విరగబడి నవ్వింది. ఈలలు, చప్పట్లు.

ఆ తర్వాత పక్క అడవుల వాళ్లు కూడా బళ్లు కట్టుకుని రాసాగారు. కొంగ ముఖానికి రంగు పూసుకొచ్చేది. గాడిద ఎప్పుడూ ఒకే చోట పడేది. కోటేశం చప్పట్ల రుచి మరిగి, తోకను తానే డెక్క కిందికి తోసేవాడు.

భార్య పోరు పడలేక బైరన్నా వచ్చి చూశాడు. నవ్వాడు. వెంటనే కళ్లు తుడుచుకున్నాడు. అయిపోయాక కోటేశం దగ్గరికెళ్లాడు.

"బాబూ, తోక నలిగాక ఒక్క క్షణం ఆగి ఏడవండి. ఇంకా రక్తి కడుతుంది."

"ఇది ఆట కాదోయ్, సమావేశం!"

"మరి ఇందులో చేరాలంటే ఏం రావాలండీ?"

"ఆట రాకూడదు."

బైరన్న గొంతు సవరించుకున్నాడు. "ఒక్క ముక్క రాదండీ."

పై వారానికల్లా అతను ఉపాధ్యక్షుడు. అలిగిన రాణిలా లేచి, "నేను రాజీనామా చేస్తున్నానూ!" అని రాగం తీస్తే, సంత సంతంతా లేచి నిలబడేది.

నీతి: కళ వచ్చినవాడు బతకాలంటే, రానట్టు నటించడం కూడా రావాలి.