జ్వరంలో ఇరవై మూడు వేల అడుగులు

బీమా కార్యాలయంలో క్లెయిముల విభాగం సూపర్‌వైజరు గారు తమ నలభై ఎనిమిదో ఏట, ఒక సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఆదిమానవుడిగా మారారు. పది కిలోలు తగ్గకపోతే గుండెకు తాను పూచీ కాదని డాక్టరు తేల్చి చెప్పడంతో, భయపడి తీసుకున్న నిర్ణయమది. అన్నం, రొట్టె, పప్పు, పాలు, చక్కెర, ఒక్కమాటలో మనిషి నాగలి పట్టాక నోట పెట్టుకున్నవన్నీ రద్దయ్యాయి. మాంసం, గుడ్లు, ఆకులు, కాయలు, గింజలకు మాత్రమే అనుమతి. దీన్ని పేలియో డైట్ అంటారని భార్యకు గంటసేపు బోధించారు. గుహల్లో వంట ఎవరు చేసేవారని ఆమె అడిగింది. ఆ సంగతి పుస్తకంలో లేదన్నారాయన.

వేట, సేకరణ ఈ జీవనవిధానానికి ప్రాణం. అందుచేత ఆమె రోజూ పొద్దున్నే రెండు బజార్లు తిరిగి, సంచులు మోసుకుంటూ, లిఫ్టు పనిచేయని ఆ భవనంలో నాలుగంతస్తులూ ఎక్కేది. ఆదిమానవుడికి ఒక వంట, నాగరికులైన అత్తగారికీ కూతురికీ తనకూ ఇంకో వంట చేసేది.

తిండితోపాటు చురుకుదనమూ ఉండాలి కనుక ఆయన అడుగులు లెక్కపెట్టే చేతి గడియారం కొన్నారు. రోజుకు పదివేల అడుగులు. ఓ సాయంత్రం ఎనిమిది వందలు తక్కువపడితే, గది తుడుస్తున్న భార్య చుట్టూ తిరిగి పూర్తిచేశారు. మరోనాడు తల్లి మందు తెమ్మంటే, ఆనాటి కోటా ముగిసిందని సవినయంగా తెలియజేశారు. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు తగ్గారు. ఆమె ఆరు తగ్గింది. అయితే ఆమె ఏ డైటూ చేయడం లేదు కనుక అది పరిగణనలోకి రాలేదు.

అంతలో కార్యాలయం వారు వారంరోజుల అడుగుల పోటీ ప్రకటించారు. ఎదురుబల్ల గుమాస్తా ఎక్కడ గెలుస్తాడోనని సూపర్‌వైజరు గారికి గుబులు పట్టుకుంది. సరిగ్గా మొదటిరోజే జ్వరం తగులుకుంది. పడుకున్నచోటి నుంచే గడియారం విప్పి భార్య చేతికి పెట్టారు.

"లెక్క సున్నా పడకుండా ఉంటే చాలు. నువ్వేం చేయనక్కర్లేదు, ఊరికే పెట్టుకో."

"సరేలెండి. నాకు మాత్రం చేసేదేముంది," అంది ఆమె, ఆయన నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ.

వారాంతానికి గడియారం రోజుకు సగటున ఇరవై మూడు వేల అడుగులు చూపించింది. చెడిపోయిందేమోనని ఆయన రెండుసార్లు విదిలించి చూశారు. అంకె మారలేదు. యంత్రాన్ని అనుమానించడం భావ్యం కాదనిపించి, పట్టిక పంపేశారు.

సన్మాన సభలో మేనేజరు గారు గొంతు సవరించుకున్నారు. "మన పూర్వీకుల ఆహారం, మన సూపర్‌వైజరు గారి పట్టుదల. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో కళ్లారా చూస్తున్నాం." ఆ పైన శ్రీమతి గారిని రెండు మాటలు చెప్పమన్నారు. సూపర్‌వైజరు గారికి ముచ్చెమటలు పోశాయి. ఆమె మైకు ముందు నిలబడి ఉన్నమాటే చెప్పింది.

"ఆ వారమంతా ఆయన జ్వరంతో మంచం దిగలేదండి."

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జ్వరంలోనే ఇన్ని అడుగులైతే ఒంట్లో బాగున్నప్పుడు ఇంకెన్నో అని మేనేజరు గారి కళ్లు చెమర్చాయి. సూపర్‌వైజరు గారు వినయంగా తల వంచుకున్నారు.

ఆమె ఇంకేదో చెప్పబోయింది. ఎవరో మైకు అందుకుని, కాఫీ ఇచ్చే మనిషి రాలేదనీ, ఏమీ అనుకోకుండా కాస్త అందరికీ అందించమనీ కోరారు. ఆమె వరస వరసకూ తిరిగి అందించింది.

మనమంతా తాగాం. కాస్త చల్లారిందన్నాం.